శత్రు రేఖల వెనక పనిచేసే దళం: బరంపురం కుర్రాళ్లు అడిగే ప్రశ్నలు, నా జవాబులు

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల నుంచి ఆర్మీ, పోలీసు సెలక్షన్లకు తయారయ్యే తెలుగు పిల్లలకు బరంపురంలో జీకే, సైనిక చరిత్ర చెప్తుంటాను. పరీక్షలో దీనికి వచ్చే మార్కులు తక్కువే. అయినా ఏ యుద్ధం గురించి మొదలుపెట్టినా పిల్లలు చివరికి కమాండోల దగ్గరికే లాక్కొస్తారు. వాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవాటికి జవాబులు ఒకచోట రాసి పెడితే నా గొంతుకు కాస్త విశ్రాంతి అనిపించింది.

ఉదాహరణలు ఎక్కువగా రెండో ప్రపంచ యుద్ధం నాటి బర్మావి. వేలమందిని శత్రువు వెనక్కి పంపి, అక్కడే నెలల తరబడి నడిపిన అనుభవం అక్కడ దొరికినంత వివరంగా ఇంకెక్కడా దొరకదు. పైగా బర్మా మనకు పరాయి ఊరు కాదు. గోపాల్‌పూర్ రేవులో స్టీమరెక్కి రంగం (రంగూన్) వెళ్లిన కుటుంబాలు ఈ చుట్టుపక్కల ఎన్నో. 1942లో జపాన్ సైన్యం ముంచుకొస్తే అవే అడవుల్లో నడిచి ఇల్లు చేరినవాళ్లు కొందరు, దారిలోనే పోయినవాళ్లు ఇంకొందరు.

మాస్టారూ, "శత్రు రేఖల వెనక" అంటే సరిగ్గా ఎక్కడ?

రెండు సైన్యాలు ఎదురెదురుగా నిలబడ్డ చోట బలగం దట్టంగా ఉంటుంది. దాని వెనక యాభై, వంద, రెండొందల కిలోమీటర్ల దాకా ఉండేది వేరే లోకం. రైలు పట్టాలు, వంతెనలు, పెట్రోలు నిల్వలు, మందుగుండు డిపోలు, ఆస్పత్రులు, హెడ్‌క్వార్టర్లు అన్నీ అక్కడే. కాపలా మాత్రం పలచన. ముందున్న సైనికుడు ఆ వెనకదాని మీదే బతుకుతాడు. దాన్ని తెంపగలిగితే ముందున్నవాడు తూటా తగలకుండానే నీరసిస్తాడు.

ఇంకో లాభం ఉంది. నిజానికి నా లెక్కలో ఇదే పెద్దది. మూడు వేల మంది ఎక్కడున్నారో తెలియకుండా తిరుగుతుంటే, ప్రతి వంతెనకూ, ప్రతి స్టేషనుకూ కాపలా పెట్టక తప్పదు. ఆ కాపలా సైనికులంతా ముందువరసకు తగ్గినట్టే.

గూఢచారి, గెరిల్లా, కమాండో, ఇన్‌ఫిల్ట్రేషన్ దళం అన్నీ ఒకటేనా?

కాదు. గూఢచారి వేషం మార్చి సమాచారం తెస్తాడు. గెరిల్లా ఆ ఊరివాడే, పని అయ్యాక ఇంటికి పోతాడు. కమాండో దాడి గంటల్లోనో, ఒక రాత్రిలోనో ముగుస్తుంది. మనం మాట్లాడుకునే ఇన్‌ఫిల్ట్రేషన్ దళం, అంటే చొరబాటు దళం, యూనిఫాంలో లోపలికి వెళ్లి, వారాలో నెలలో అక్కడే ఉండి, యుద్ధం చేస్తూ తిరుగుతుంది. ఆ "ఉండటం" అనే మాటతోనే కష్టాలన్నీ మొదలవుతాయి.

చిందిట్లు ఎవరు?

బ్రిటిష్ అధికారి ఆర్డ్ వింగేట్ తయారుచేసిన దళం. 1943 ఫిబ్రవరిలో 77వ ఇండియన్ ఇన్‌ఫాంట్రీ బ్రిగేడ్ సుమారు 3,000 మందితో చింద్విన్ నది దాటి జపాన్ చేతిలో ఉన్న బర్మాలోకి నడిచి వెళ్లింది. దాన్ని ఆపరేషన్ లాంగ్‌క్లాత్ అన్నారు. మరుసటి ఏడాది మార్చిలో ఆపరేషన్ థర్స్‌డే పేరుతో చాలా పెద్ద ఎత్తున, ఈసారి ఎక్కువమంది విమానాల్లో వెళ్లారు. అందులో బ్రిటిష్‌వాళ్లు, గూర్ఖాలు, బర్మా రైఫిల్స్‌వాళ్లు, రెండోసారి నైజీరియా సైనికులు కూడా ఉన్నారు. సినిమాల్లో చూపించే ఇరవయ్యేళ్ల వీరులు కారు. మొదటిసారి వెళ్లిన కింగ్స్ లివర్‌పూల్ బెటాలియన్‌లో చాలామంది వయసు ముప్పై దాటిన, పెళ్లిళ్లయిన మామూలు మనుషులు.

దళాన్ని ఎలా విడగొడతారు? ఒకే గుంపుగా వెళ్లరా?

ఒకే గుంపుగా వెళితే రెండో రోజే దొరికిపోతారు. మరీ చిన్న గుంపులుగా వెళితే వంతెన దగ్గర కాపలావాళ్లతో పోరాడలేరు. వింగేట్ మధ్యస్థంగా "కాలమ్" అనే ఏర్పాటు చేశాడు. ఒక్కో కాలమ్‌లో సుమారు 400 మంది, వంద దాకా కంచరగాడిదలు. 1943లో అలాంటివి ఏడు నడిచాయి.

ఒక్కో కాలమ్‌కు కావలసినవన్నీ దానిలోనే ఉండాలి, పక్క కాలమ్‌ను అప్పు అడిగే వీలుండదు. అందుకే కలగూరగంపలా కనిపిస్తుంది గానీ ప్రతిదానికీ కారణం ఉంది. పోరాడటానికి రైఫిల్ కంపెనీ. దానికి అండగా మోర్టార్లు, మెషీన్ గన్లు. వంతెనలు, పట్టాలు పేల్చడానికి పేలుడు పదార్థాలు తెలిసిన కమాండో ప్లాటూన్. ముందు నడిచి దారి, ఊరు, నీళ్లు చూసి రావడానికి, గ్రామస్తులతో వాళ్ల భాషలో మాట్లాడటానికి బర్మా రైఫిల్స్‌లోని కరెన్, కచిన్, చిన్ జాతులవాళ్లు. ఒక డాక్టరు. వైర్‌లెస్ సెట్లు, వాటి మనుషులు.

వీళ్లందరితో పాటు ఒక వైమానిక దళ అధికారి కూడా బూట్లు వేసుకుని నడిచేవాడు. మా పిల్లలు అతన్ని విని వదిలేస్తారు, నాకు మాత్రం ఆ ఏర్పాటులో అందరికంటే ముఖ్యుడు అతనే అనిపిస్తుంది. పైనున్న పైలట్‌కు కిందనుంచి చెట్లు, వాగులు, మైదానం ఎలా కనిపించాలో చెప్పగలవాడు మరో పైలటే. సామాను ఎక్కడ వేయాలో, బాంబు ఎక్కడ పడాలో చెప్పేది ఆయనే.

ప్లాన్ ఎక్కడ మొదలుపెడతారు?

క్లాసులో ఈ ప్రశ్న నేనే తిప్పి అడుగుతాను. అందరూ "లోపలికి ఎలా వెళ్లాలి" అని మొదలుపెడతారు. లోపలికి వెళ్లడం అన్నిటికంటే సులువు, ఎందుకంటే అప్పటికి శత్రువుకు ఇంకా తెలియదు. పైగా కళ్లు కప్పొచ్చు కూడా. 1943లో రెండు కాలమ్‌ల దక్షిణ గ్రూపును కావాలనే కనపడేలా నది దాటించారు, సామాను పట్టపగలే వేయించారు. జపాన్‌వాళ్లు అటు చూస్తుంటే అసలు బలగం ఉత్తరాన దాటింది. కళ్లు కప్పడానికి వెళ్లినవాళ్లు మాత్రం మూల్యం చెల్లించారు. మార్చి మొదట్లో ఒక కాలమ్ క్యైక్‌థిన్ దగ్గర మెరుపుదాడికి చిక్కి చెదిరిపోయింది.

కాబట్టి కాగితం మీద ముందు రాయాల్సింది వెనక్కి వచ్చే దారి. ఎప్పుడు రావాలి, ఏ నది దాటి రావాలి, ఆ నదికి అప్పటికి పడవలు ఉంటాయా, దళం చెదిరిపోతే ఎక్కడ కలవాలి. తర్వాత గాయపడ్డవాళ్ల సంగతి. తర్వాత తిండి. తర్వాత మాట్లాడుకోవడం. లోపల చేయాల్సిన పని వీటన్నిటి కొలతకు లోబడి తేలుతుంది.

లాంగ్‌క్లాత్‌లో ఈ వరస తప్పిందని నా అభిప్రాయం. చేయాల్సిన పని బాగానే చేశారు. మార్చి 6న మేజర్ కాల్వర్ట్ కాలమ్ మాండలే–మిచ్చినా రైలుమార్గాన్ని డెబ్బైకి పైగా చోట్ల తెంపింది. ఫెర్గుసన్ కాలమ్ బాన్‌చాంగ్ దగ్గర వంతెన పేల్చింది. అక్కడితో తిరిగి వచ్చేస్తే కథ వేరు. వింగేట్ ఇంకా తూర్పుకు, ఇరావతి దాటించాడు. ఇరావతికీ ష్వెలీ నదికీ మధ్య ఆ నేల వేడి, నీళ్లు కరువు, దాక్కోవడానికి చోటు తక్కువ, జపాన్ గస్తీకి పనికొచ్చే బాటలు ఎక్కువ. సామాను వేసే విమానాలకూ దూరమైపోయింది. మార్చి 24న వెనక్కి రమ్మని ఆజ్ఞ వచ్చేసరికి జపాన్‌వాళ్లు ఇరావతి ఒడ్డున పడవలన్నీ లాగేసుకున్నారు. ఋషికుల్య లాంటి నదిని వేసవిలో కాళ్లీడ్చుకుంటూ దాటొచ్చు. ఇరావతి అలాంటిది కాదు. అప్పుడిక చిన్న చిన్న గుంపులుగా విడిపోయి, ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. కొందరు చైనా వైపు తేలారు.

వెళ్లిన 3,000 మందిలో 818 మంది చనిపోయారు, పట్టుబడ్డారు లేదా జాడ లేకుండా పోయారు. వచ్చినవాళ్లలో సుమారు 600 మంది మళ్లీ యుద్ధానికి పనికిరాలేదు.

అన్ని రోజులు ఏం తింటారు? ఊళ్లలో కొనుక్కోవచ్చా?

కొన్నారు, వెండి రూపాయలు ఇచ్చి బియ్యం కొన్నారు. కానీ 400 మందికి ఒక పల్లె ఒక్కపూట కూడా పెట్టలేదు. పైగా కొన్నట్టు సాయంత్రానికి శత్రువుకు తెలిసిపోతుంది.

అసలు ఆధారం ఆకాశం. విమానం వచ్చి గోనెసంచులు, పారాచూట్లు వేసి పోవాలి. 1943లో గట్టి బిస్కెట్లు, జున్ను, ఖర్జూరం, ఎండుద్రాక్ష, బాదం, టీ, పంచదార, పాలపొడి, ఉప్పు వేసేవారు. ఐదు రోజులకని ఇచ్చింది వారం పైన సాగదీయాల్సి వచ్చేది. చివర్లో కంచరగాడిదల్నే కోసుకుని తిన్నారు. 1944లో అమెరికన్ల కె-రేషన్ అనే ప్యాకెట్ తిండి వచ్చింది. అది పొట్టకు చాలినా ఆ నడకకు చాలదు, మనిషి రోజురోజుకూ కరిగిపోయేవాడు. ఒక్కొక్కడి వీపున 30 కిలోల పైనే బరువు. ఇంట్లోకి తెచ్చే 25 కిలోల బియ్యం బస్తా భుజాన వేసుకుని, 1,501 మీటర్ల మహేంద్రగిరి ఎక్కి దిగి, మళ్లీ మర్నాడు ఎక్కడం లాంటిది అనుకోండి. అదీ వానలో, మలేరియాతో, రెండు బిస్కెట్లు తిని.

1944 జులైలో చిందిట్లలోని 111వ బ్రిగేడ్‌కు డాక్టర్ల పరీక్ష చేయిస్తే, సుమారు 2,200 మందిలో పనికి సరిపోతారని తేలింది 118 మంది.

కంచరగాడిదలు అరిస్తే శత్రువుకు వినపడదా?

వినపడుతుంది. అందుకే 1944లో ఆపరేషన్ చేసి వాటి గొంతులోని స్వరతంతువులు కోశారు.

గాయపడితే?

ఈ ప్రశ్న కుర్రాళ్లు అడగరు, వాళ్ల అమ్మానాన్నలు అడుగుతారు.

మొదటిసారి దీనికి జవాబే లేదు. నడవలేనివాణ్ని వదిలి వెళ్లాలి. దొరికితే ఒక పల్లెలో, లేకపోతే చెట్టు కింద, పక్కన నీళ్లసీసా పెట్టి. ఒక్కసారి మాత్రం ఒక డకోటా విమానం అడవిలో ఖాళీ జాగా చూసుకుని దిగి జబ్బుపడ్డ కొందరిని ఎత్తుకెళ్లింది. తెలిసి తెలిసి స్నేహితుణ్ని వదిలేయాల్సిన దళంలో మనోధైర్యం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

రెండోసారి ఈ పాఠం నేర్చుకునే వెళ్లారు. అమెరికన్ ఫస్ట్ ఎయిర్ కమాండో దళం చిన్న ఎల్-1, ఎల్-5 విమానాలు తెచ్చింది. అవి వరిమడి అంత చోటులో, నది ఇసుకలో దిగి గాయపడ్డవాళ్లను తీసుకెళ్లేవి. 1944 ఏప్రిల్‌లో అదే దళం వై.ఆర్-4 హెలికాప్టర్‌తో శత్రు రేఖల వెనక కూలిన విమానం పైలట్‌నూ, గాయపడ్డ సైనికులనూ బయటికి తెచ్చింది. యుద్ధంలో హెలికాప్టర్ మనుషుల్ని కాపాడటం అదే మొదటిసారి.

అన్నీ ఉన్నా వానాకాలం వచ్చాక రన్‌వేలు బురదైపోయాయి. మే చివర్లో బ్లాక్‌పూల్ అనే స్థావరాన్ని వదిలి వెనక్కి తగ్గుతున్నప్పుడు, మోయడానికి మనుషుల్లేక, బతకరని డాక్టరు తేల్చిన 19 మందిని సొంతవాళ్లే కాల్చారు. పిల్లలకు ఇది చెప్పాలా వద్దా అని కొందరు తల్లిదండ్రులు అన్నారు. చెప్తాను.

ప్లాన్ వేసినట్టు జరగకపోతే ఏం చేస్తారు?

1944 మార్చి 5 సాయంత్రం చూడండి. రాత్రికి గ్లైడర్లు, అంటే ఇంకో విమానం తాడుతో లాక్కెళ్లే ఇంజన్ లేని విమానాలు, రెండు మైదానాల్లో దిగాలి. వాటికి బ్రాడ్‌వే, పికడిల్లీ అని పేర్లు పెట్టారు. గోప్యం కోసం వాటి మీద విమానాలు తిరగొద్దని వింగేట్ ఆంక్ష పెట్టాడు. అయినా ఆ మధ్యాహ్నం ఒక విమానం పోయి ఫొటోలు తీసింది. పికడిల్లీ నిండా టేకు దుంగలు అడ్డంగా పరిచి ఉన్నాయి. బయల్దేరే ముందు, గ్లైడర్లకు తాళ్లు కట్టిన తర్వాత ఆ ఫొటోలు చేతికొచ్చాయి.

శత్రువుకు తెలిసిపోయిందా? ఆపాలా? కొద్దిసేపు తర్జనభర్జన పడి, పికడిల్లీ వాళ్లనూ బ్రాడ్‌వేకే మళ్లించారు. ఆ దుంగలు జపాన్‌వాళ్లు వేసినవి కావు, కలప పనివాళ్లు ఆరబెట్టుకున్నవని తర్వాత తెలిసింది.

బ్రాడ్‌వేలో కూడా గడ్డిలో గుంతలూ మోడులూ కనపడక గ్లైడర్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఒక్కో విమానం రెండేసి గ్లైడర్లు లాగబోయి దారిలోనే తాళ్లు తెగాయి. ఆ రాత్రి దాదాపు 30 మంది పోయారు. లోపలినుంచి కాల్వర్ట్ పంపిన మాట "సోయా లింక్". అంటే విఫలం అని సంకేతం, ఎందుకంటే సైనికులకు ఆ సోయా తిండి అంటే అసహ్యం. తెల్లారి చూసుకుంటే నష్టం అనుకున్నంత లేదు. "పోర్క్ సాసేజ్" అని పంపారు, అంటే సఫలం. ఆ రాత్రికే చిన్న బుల్‌డోజర్‌తో రన్‌వే చదును చేసి డకోటాలు దింపారు. వారం తిరక్కుండా 9,000 మంది, 1,300కు పైగా జంతువులు లోపలికి చేరాయి.

ఇక్కడ నేను గమనించమనేది ఒకటే. రెండో మైదానం ముందే ఎంచి పెట్టి ఉంది కాబట్టి మార్చగలిగారు. ఒక్క మైదానం మీదే ఆధారపడి ఉంటే ఆ రాత్రి ఏమయ్యేదో.

మాట్లాడుకోవడానికి వైర్‌లెస్ ఒక్కటేనా?

వైర్‌లెస్ మోయడం కష్టం, పలికితే శత్రువు చెవిన పడే ప్రమాదం. అందుకే కొన్నిచోట్ల తెలివైన దారులు వెతికారు. 1971 ఆగస్టులో తూర్పు పాకిస్తాన్ రేవుల్లో నౌకలు పేల్చడానికి బెంగాలీ నావికా కమాండోలను పంపారు. ప్లాసీ దగ్గర భాగీరథిలో ఈత నేర్చినవాళ్లు. చిట్టగాంగ్, మోంగ్లా, చాంద్‌పూర్, నారాయణ్‌గంజ్ నాలుగు చోట్లా ఒకే రాత్రి పని జరగాలి. వాళ్ల దగ్గర ట్రాన్సిస్టర్ రేడియో ఉంటే చాలు. ఆకాశవాణి కలకత్తాలో ఒక పాట వస్తే సిద్ధంగా ఉండమని, రెండో పాట వస్తే దిగమని అర్థం. ఆ పాట దేశమంతా విన్నా అర్థం వాళ్లకే తెలుసు. ఆగస్టు 15–16 రాత్రి పని పూర్తయింది.

ఊరివాళ్లు సాయం చేయకపోతే?

దళం చచ్చిపోయినట్టే. దీనికి మనకు దగ్గరి ఉదాహరణ 1965. పాకిస్తాన్ ఆపరేషన్ జిబ్రాల్టర్ పేరుతో ఆగస్టు మొదట్లో వేలమందిని కశ్మీర్ లోయలోకి పంపింది. తారిక్, ఘజ్నవీ, సలాహుద్దీన్ అంటూ దళాలకు పేర్లు. ఆయుధాలున్నాయి, దారులు తెలుసు. ప్లాన్ మొత్తం ఒక్క ఊహ మీద నిలబడింది: జనం భారత్ మీద తిరగబడి లేస్తారు. జనం లేవలేదు. గుల్మార్గ్ దగ్గర మహమ్మద్ దీన్ అనే గుజ్జర్ యువకుడు అనుమానపడి పోలీసులకు చెప్పాడు. ఆ నెలాఖరుకు, ఆగస్టు 28న, భారత సైన్యమే వాళ్ల దారుల మీదున్న హాజీపీర్ కనుమను పట్టుకుంది. జనం మనసు గురించి ఆ ఊళ్లో కొన్నాళ్లు ఉండి తెలుసుకోవాలి, హెడ్‌క్వార్టర్లో కూర్చుని ఊహించకూడదు.

ఇంకో వైపు కూడా ఉంది. దళం వెళ్లిపోతుంది, ఊరు అక్కడే ఉంటుంది. బర్మాలో సాయం చేసిన పల్లెలు ఆ తర్వాత జపాన్ సైన్యం చేతిలో పడ్డ బాధ ఏ పతకాల జాబితాలోనూ కనపడదు.

శత్రువు యూనిఫాం వేసుకుని వెళ్లొచ్చా?

వెళితే ప్రాణం పణం పెట్టినట్టే. 1907 హేగ్ నియమాల ప్రకారం సొంత యూనిఫాంలో శత్రు ప్రాంతంలోకి చొరబడ్డ సైనికుడు గూఢచారి కాడు, పట్టుబడితే యుద్ధఖైదీ. వేషం మారిస్తే ఆ రక్షణ పోతుంది. 1944 డిసెంబరులో జర్మన్ అధికారి స్కోర్జెనీ తన మనుషుల్ని అమెరికన్ దుస్తుల్లో పంపాడు. పట్టుబడ్డ పలువురిని అమెరికన్లు కాల్చేశారు. 1947 విచారణలో స్కోర్జెనీ మాత్రం నిర్దోషిగా బయటపడ్డాడు.

అలాగని యూనిఫాం ఉంటే చాలనీ కాదు. యూనిఫాంలో ఉన్నా సరే పట్టుబడ్డ కమాండోలను చంపేయమని 1942 అక్టోబరులో హిట్లర్ ఆజ్ఞ ఇచ్చాడు. అది యుద్ధనేరమని తర్వాత కోర్టులు తేల్చాయి.

ఇన్ని ప్రాణాలు పోగొట్టుకుని సాధించిందేమిటి మాస్టారూ?

ఈ వాదన ఇంకా తెగలేదు. తెంపిన పట్టాలు జపాన్‌వాళ్లు వేగంగానే బాగుచేసుకున్నారు. ఇలాంటి ప్రత్యేక దళాలు మామూలు పటాలాల నుంచి మంచి సైనికుల్ని పీల్చేస్తాయని 14వ ఆర్మీ సేనాని స్లిమ్ అభిప్రాయం, నాకూ అందులో న్యాయం కనిపిస్తుంది. మరోపక్క, చింద్విన్‌ను దాటి సైన్యం రాగలదని వింగేట్ చూపించడం వల్లే జపాన్ సేనాని ముతగూచి ఆ నది తనకు కాపలా కాదనుకున్నాడు, 1944లో ఇంఫాల్, కోహిమాల మీదకు వచ్చి ఘోరంగా దెబ్బతిన్నాడు. ఇది ఎవరూ ప్లాన్ చేసిన ఫలితం కాదు. వింగేట్ దాన్ని చూడనూ లేదు, 1944 మార్చి 24న మణిపూర్ కొండల్లో విమానం కూలి పోయాడు.

మన సైన్యం ఇలాంటివి చేసిందా?

చేసింది. 1971 డిసెంబరులో జైపూర్ మహారాజు లెఫ్టినెంట్ కల్నల్ భవానీ సింగ్ నాయకత్వంలో 10 పారా కమాండో జీపుల్లో థార్ ఎడారి దాటి సింధ్‌లో సుమారు 80 కిలోమీటర్లు లోపలున్న ఛాఛ్రో మీద దాడి చేసింది. ఆయనకు మహావీర చక్ర వచ్చింది. అదే నెల 9 పారా వాళ్లు పూంచ్ దగ్గర మంధోల్‌లో పాక్ ఫిరంగులను పేల్చి వచ్చారు. టిబెటన్ సైనికుల స్పెషల్ ఫ్రాంటియర్ ఫోర్స్ సుజన్ సింగ్ ఉబాన్ నాయకత్వంలో చిట్టగాంగ్ కొండల్లోకి దిగింది. అన్నిటిలోకీ ఛాఛ్రో నాకిష్టం, ఎంత లోపలికి వెళ్లాలో, ఎప్పుడు ఆగాలో తెలిసిన దాడి.

మల్కన్‌గిరి అడవుల్లో మావోయిస్టుల మీద జరిగిందీ ఇదేనా?

కాదు. అది మన దేశంలోనే, చట్టం కింద పోలీసుల పని. అక్కడ శత్రు రేఖ లేదు, ఉన్నది మన జనమే. రెంటినీ కలపొద్దు.

ఒక్క విషయంలో మాత్రం పాఠం ఒకటే. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో ఆంధ్రప్రదేశ్ పోలీసుల గ్రేహౌండ్స్ దళం జవాన్లు పడవలో వెళ్తుండగా గట్టు మీది కొండల నుంచి కాల్పులు జరిగాయి. 38 మంది చనిపోయారు. లోపల పని ముగించుకుని తిరిగొచ్చేటప్పుడు, దాపు లేని నీటి దారిలో జరిగిన దాడి అది.

ఇలాంటి దళంలో చేరాలంటే ఎలా?

ముందు సైన్యంలో చేరాలి. మన జిల్లాలకు రిక్రూటింగ్ ఆఫీసు గోపాల్‌పూర్‌లోనే. పారా స్పెషల్ ఫోర్సెస్‌కు ఏ రెజిమెంటులో ఉన్నవాడైనా స్వచ్ఛందంగా పేరు ఇవ్వొచ్చు. తర్వాత నెలల తరబడి ప్రొబేషన్, అందులో ఎక్కువమంది మధ్యలోనే వెనక్కి వస్తారు. నిలబడ్డవాళ్లకు ఆగ్రాలో పారాచూట్ శిక్షణ, అందులో రాత్రిపూట దూకడం కూడా ఉంటుంది. రోజూ పొద్దున్నే పరిగెడుతున్నాం కదా అని ధీమా పడే పిల్లలకు నేను చెప్పేది, ఆ పరుగుతో పాటు ఈత, మ్యాపు చదవడం, ఇంకో భాష నేర్చుకోమని. తెలుగు, ఒడియా ఎలాగూ వచ్చు. మూడోది హిందీ, బాగా మాట్లాడేంతగా.